ఒక్క గాజుపోగు, ముప్పై రెండు ఇళ్లు



రాత్రి తొమ్మిది దాటాక సినిమా మధ్యలో ఆగి, తెర మీద చక్రం తిరుగుతూ కూర్చుంటే మన ఊళ్లలో మొదటి ఫోన్ కేబుల్ అబ్బాయికే. "లైను బాగానే ఉందండీ" అని అతను. "ఏం బాగు? మా లైన్లోంచి ఇంకో పదిమందికి ఇచ్చి ఉంటావు" అని వీళ్లు. ఈ అనుమానంలో సగం నిజం ఉంది. వీధిలోకి వచ్చిన ఒక్క ఫైబర్‌ను పదహారు ఇళ్లకో, ముప్పై రెండు ఇళ్లకో పంచిన మాట వాస్తవమే. అతను దాన్ని దాచాల్సిన పనీ లేదు, ఎన్నో దేశాల్లో అలాగే పంచుతున్నారు. అయితే అక్కడ చీలుస్తున్నది వెలుగుని, వేగాన్ని కాదు. వేగం పంపకం వేరే చోట, వేరే పద్ధతిలో జరుగుతుంది. ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల స్ప్లిటర్ మీద లేనిపోని నింద పడుతోంది. పడాల్సిన చోట మాత్రం పడటం లేదు.

ఇంతకీ స్ప్లిటర్ అంటే ఏమీ లేదు, వేలెడు పొడవుండే సన్నటి లోహపు గొట్టం, లేకపోతే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. ఒకవైపు నుంచి ఒక ఫైబర్ లోపలికి వెళుతుంది. రెండో వైపు నుంచి రెండో, ఎనిమిదో, ముప్పై రెండో బయటికి వస్తాయి. దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. స్తంభం మీద జాయింట్ బాక్సులో పెట్టి మూత బిగిస్తే ఏళ్ల తరబడి దాని జోలికి వెళ్లనక్కర్లేదు. ఇలా కరెంటు లేకుండా వెలుగును చీల్చి టెలిఫోన్లకు వాడవచ్చని 1980ల చివర్లో బ్రిటిష్ టెలికాం పరిశోధకులు చూపించారు. ఇప్పుడు ఇంటింటికీ వస్తున్న ఫైబర్ చాలావరకు ఆ దారిలోదే.

గాజు వెలుగును ఎలా చీలుస్తుంది? ఫైబర్ మధ్యలో వెలుగు నడిచే భాగాన్ని కోర్ అంటారు, దాని వ్యాసం సుమారు 9 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు కూడా లేదు. చుట్టూ 125 మైక్రాన్ల దాకా మరో రకం గాజు. వెలుగు కోర్‌లోనే బందీగా ఉంటుందని బడిపాఠం చెబుతుంది కానీ, నిజానికి దాని అంచు కొంచెం పక్క గాజులోకి కూడా పాకి ఉంటుంది. రెండు ఫైబర్లను ఒకదానితో ఒకటి మెలేసి, మంట మీద కరిగిస్తూ సన్నగా సాగదీస్తే కోర్లు దగ్గరపడతాయి. అప్పుడు ఒకదానిలోని వెలుగు రెండోదానిలోకి జారుకోవటం మొదలవుతుంది. సగం జారాక సాగదీయటం ఆపితే చెరిసగం. ముందే ఆపితే పదికి తొంభై. కేబుల్ వాళ్లు కప్లర్ అనేది దీన్నే. దారులు ఎక్కువ కావాల్సివస్తే ఈ మంట పని సరిపోదు. చిన్న గాజు పలక మీద వెలుగు నడిచే దారులను తీర్చి, ఒకటిని రెండుగా, రెంటిని నాలుగుగా చీల్చుకుంటూ పోతారు. దానికి పీఎల్‌సీ స్ప్లిటర్ అని పేరు.

చీలిక లెక్క డెసిబెల్స్‌లో చెబుతారు. లైన్ మీద పనిచేసేవాళ్ల నోట అది 'డీబీ'. వెలుగు సగానికి తగ్గితే 3 డీబీ పోయినట్టు. పదో వంతు మిగిలితే 10 పోయినట్టు, వెయ్యో వంతు మిగిలితే 30. ఈ లెక్కతో ఉన్న సుఖం ఏమిటంటే గుణకారాలు, భాగహారాలు ఉండవు, అన్నీ కూడికలూ తీసివేతలే. కాగితం మీద చూస్తే ఎనిమిది దారుల స్ప్లిటర్ 9 డీబీ, ముప్పై రెండు దారులది 15 డీబీ తినాలి. చేతికొచ్చిన సరుకు అంత నికరంగా ఉండదు కనుక ఎనిమిది దారులది పదిన్నర దాకా, ముప్పై రెండు దారులది 17 దాకా తింటుంది.

పదిహేడు చిన్న అంకెలా వినిపిస్తుంది. ఫైబర్ చరిత్ర తెలిస్తే అలా అనిపించదు. 1966లో ఇంగ్లండ్‌లోని హార్లోలో, స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లాబొరేటరీస్‌లో పనిచేస్తున్న చార్లెస్ కావో, జార్జ్ హాకమ్ ఒక పత్రం ప్రచురించారు. అప్పటి గాజు ఫైబర్లలో వెలుగు కిలోమీటరుకు వెయ్యి డీబీ లెక్కన ఆరిపోయేది. తప్పు గాజుది కాదు, గాజులోని మలినాలది, వాటిని తీసేసి నష్టాన్ని కిలోమీటరుకు 20కి దించగలిగితే ఫోన్ మాటలు వెలుగు మీద పంపవచ్చని వాళ్లు వాదించారు. ఇరవై అంటే కిలోమీటరు దాటేసరికి నూటికి ఒక్క వంతు మిగలటం. అదే పెద్ద ఆశగా ఉన్న రోజులవి! నాలుగేళ్లకు, 1970లో, అమెరికాలోని కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్ట్జ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని 17కి దించారు. కావోకు 2009లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు మన వీధి స్తంభం మీద వేలాడే మామూలు ఫైబర్‌లో, 1550 నానోమీటర్ల వెలుగుకు, కిలోమీటరుకు పోయేది 0.2 డీబీ. అంటే సగం తగ్గటానికి పదిహేను కిలోమీటర్లు నడవాలి. అదే సగం రెండు దారుల స్ప్లిటర్ దగ్గర అడుగు కదలకుండానే పోతుంది. ముప్పై రెండు దారుల స్ప్లిటర్ ఒక్కటి ఎనభై అయిదు కిలోమీటర్ల ఫైబర్ తినేంత వెలుగు తింటుంది. కాబట్టి ఈ లైన్లలో దూరం పెద్ద శత్రువు కాదు, పంపకమే పెద్ద ఖర్చు.

ఖర్చుంటే రాబడి కూడా చూడాలి. మన దగ్గర బాగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతికి అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2003 నుంచి ప్రమాణాలు ఇస్తూ వచ్చింది. ఆపరేటర్ గదిలో ఉండే పెద్ద పెట్టెను ఓఎల్‌టీ అంటారు. అక్కడి నుంచి ఇళ్లకు 1490 నానోమీటర్ల వెలుగు, ఇళ్ల నుంచి వెనక్కి 1310 నానోమీటర్ల వెలుగు, రెండూ ఒకే పోగులో ఎదురెదురుగా నడుస్తాయి. వీటిలో బీ ప్లస్ అనే తరగతి పరికరాలకు మొత్తం 28 డీబీ నష్టం దాకా అనుమతి ఉంది. ఓఎల్‌టీ లేజర్ సుమారు 2 మిల్లీవాట్ల వెలుగు పంపితే, ఇంట్లో మోడెంకు అందులో వెయ్యో వంతు, అంటే 2 మైక్రోవాట్లు అందినా చాలు. పవర్ మీటర్ మీద అది మైనస్ 27 అని కనిపిస్తుంది. లైన్‌మ్యాన్లకు లక్ష్మణరేఖ అదే.

ఒక ఊరు ఊహించుకుందాం. మండల కేంద్రంలో ఓఎల్‌టీ, ఊరు ఎనిమిది కిలోమీటర్ల దూరం. లేజర్ ఆ 2 మిల్లీవాట్లతోనే, మీటర్ లెక్కలో ప్లస్ 3తో బయలుదేరింది. నష్టం ఎక్కువుండే 1310 వెలుగు లెక్కనే కిలోమీటరుకు 0.35 వేసుకున్నా దూరానికి 2.8 పోయింది. ఊరి మొదట్లో నాలుగు దారుల స్ప్లిటర్, 7.2. వీధిలో ఎనిమిది దారులది, 10.5. మధ్యలో పది అతుకులకు ఒకటి, నాలుగు కనెక్టర్లకు 1.2. అన్నీ కలిపితే 22.7. ఇంట్లో మీటర్ మైనస్ 19.7 చూపిస్తుంది. రేఖకు ఇంకా ఏడు డీబీల ఎడం ఉంది. ప్రాణానికి హాయి.

ఏడాది తిరిగేసరికి పక్కన కొత్త ఇల్లు కట్టారు. స్ప్లిటర్‌లో దారులు ఖాళీ లేవు. మండలం నుంచి ఇంకో పోగు లాగే ఓపిక లేక, ఉన్న తీగకే రెండు దారుల స్ప్లిటర్ తగిలించారు. మూడున్నర పోయి మైనస్ 23.2 అయింది. నెట్ ఏమీ తగ్గలేదు, ఎవరికీ ఏమీ తెలియలేదు. తర్వాత కిటికీ పక్కన తీగను మడిచి మేకు కొట్టారు, ఇంకో రెండు. మోడెం జరిపినప్పుడు కనెక్టర్ కొనకు దుమ్ము అంటుకుంది, ఒకటి. ఇప్పుడు మైనస్ 26.2. ఇప్పటికీ నెట్ మొదటి రోజులాగే పరుగెడుతోంది. ఆ తర్వాత ఒక వాన రాత్రి జాయింట్ బాక్సులోకి నీళ్లు చేరి ఇంకొక్క డీబీ పోయింది. మోడెం మీద ఎర్ర లైటు. "నిన్నటిదాకా బ్రహ్మాండంగా ఉందయ్యా!" అంటాడు ఇంటాయన. నిజమే, బ్రహ్మాండంగానే ఉంది. డిజిటల్ సిగ్నల్‌తో వచ్చిన చిక్కే అది, తగ్గుతున్నానని ముందుగా చెప్పదు. జీపాన్‌లో వెయ్యి కోట్ల బిట్లకు ఒకటి మించి తప్పు రాకూడదని నియమం, ఆ గీత దగ్గర ఒకటి రెండు డీబీల తేడాతో తప్పులు అమాంతం పెరిగిపోతాయి. తప్పులు దిద్దే సంకేతాలు వాడితే గీత కొంచెం కిందికి జరుగుతుందే తప్ప చెరిగిపోదు.

అందుకని మైనస్ 15 వచ్చే ఇంటికీ, మైనస్ 24 వచ్చే ఇంటికీ వేగంలో తేడా ఉండదు. మరీ ఎక్కువ వెలుగు మంచిదా అంటే అదీ కాదు. మైనస్ 8 దాటితే మోడెం కన్ను చెదురుతుంది. ఓఎల్‌టీకి బాగా దగ్గరున్న ఇళ్లలో కావాలనే వెలుగు తగ్గించే అటెన్యుయేటర్ పెట్టాల్సి రావచ్చు.

మరి వేగం ఎక్కడ పంచుతున్నారు? ఓఎల్‌టీలోని ఒక పోర్టు నుంచి ఇళ్ల వైపు సెకనుకు 2.488 గిగాబిట్లు, ఇళ్ల నుంచి వెనక్కి 1.244 గిగాబిట్లు. ముప్పై రెండు ఇళ్లూ ఒకే క్షణంలో గరిష్ఠంగా లాగితే ఇంటికి 78 మెగాబిట్ల దాకా వస్తుంది. అంతమందీ ఒకేసారి లాగటం అరుదు. కాబట్టి రాత్రి తొమ్మిదికి నెట్ నిద్రపోతే తరచు కారణం స్ప్లిటర్ కాదు. ఆపరేటర్ బయటి నుంచి కొనే బ్యాండ్‌విడ్త్ చాలకపోవటమో, ఇంట్లో వైఫై రెండు గోడలు దాటలేకపోవటమో అయి ఉంటుంది. నింద పడాల్సిన చోట అని మొదట్లో అన్నది దీని గురించే. బ్యాండ్‌విడ్త్ కొనటానికి నెలనెలా డబ్బు కావాలి. స్తంభం మీది గాజు డబ్బాకు ఎవరూ నెల జీతం ఇవ్వరు, దాన్ని అనటం తేలిక.

ఓఎల్‌టీ పంపే వెలుగు అన్ని ఇళ్లకూ ఒకటే. పక్కింటివాళ్లు చూస్తున్న సినిమా కూడా మనింటి మోడెం దాకా వచ్చి ఆగుతుంది. తనది కానిదాన్ని మోడెం పక్కన పడేస్తుంది, చూడాలని ఎవరికైనా బుద్ధి పుట్టినా వీలు లేకుండా 128 బిట్ల గుప్త సంకేతంలో దాచే ఏర్పాటు ప్రమాణంలోనే ఉంది. వెనక్కి వెళ్లే దారిలో వ్యవహారం ఇంత సులువు కాదు. ముప్పై రెండు ఇళ్ల వెలుగులు ఒకే పోగులో కలుస్తాయి కనుక ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లే వెలగాలి. గాజులో వెలుగు కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు తీసుకుంటుంది. ఏ ఇల్లు ఎంత దూరమో ఓఎల్‌టీ ముందే కొలిచి, దగ్గరివాళ్లను కొంచెం ఆగమని, దూరంవాళ్లకు ఆ ఆలస్యం తగ్గించి వంతులు కుదురుస్తుంది. ఇందులో ఒక్క మోడెం చెడి ఆగకుండా వెలుగుతూ కూర్చుందా, మిగతా ముప్పై ఒక్క ఇళ్లూ గల్లంతు. చెడ్డ మోడెం ఎవరిదో కనిపెట్టటానికి ఒక్కో తీగా పీకి చూసిన లైన్‌మ్యాన్‌కు ఆ రోజు భోజనం వేళ దాటుతుంది.

స్ప్లిటర్ గురించి చాలామంది నమ్మని విషయం ఒకటుంది. వెనక్కి వచ్చేటప్పుడు చీల్చేది ఏమీ లేదు, కలపటమే కదా, నష్టం ఎందుకు? అయినా నష్టం అంతే. రెండు దారుల్లో ఒకదాని నుంచి వెలుగు పైకి వెళితే సగమే ప్రధాన పోగులోకి ఎక్కుతుంది. మిగతా సగం కప్లర్ అయితే వాడని నాలుగో కాలు గుండా పోతుంది, పీఎల్‌సీ అయితే పక్క గాజులోకి చెదిరిపోతుంది. సింగిల్ మోడ్ గాజు స్వభావమే అంత. వెళ్లేటప్పుడు ఎంత సుంకం కట్టిందో వచ్చేటప్పుడూ అంతే కట్టాలి.

అందరికీ సమానంగా చీల్చే పద్ధతి పట్టణాల్లో బాగుంటుంది. పొడుగాటి రోడ్డు వెంట ఊళ్లు వరసగా ఉంటే కప్లర్లే గతి. నాలుగు వీధులకు సమానంగా ఇవ్వాలనుకుందాం. మొదటి స్తంభం దగ్గర పావు వంతు తియ్యాలి. రెండో దగ్గర మిగిలినదాంట్లో మూడో వంతు, మూడో దగ్గర సగం. ఇది కాలువ మీద తూములు పెట్టినట్టే. పై తూము ఒక అంగుళం ఎక్కువ తెరిస్తే చివరి ఆయకట్టుకు నీరందదు. కాకపోతే చివరి రైతుకు కొన్ని నీళ్లయినా వస్తాయి, పైరు సగం పండుతుంది. చివరి ఇంటి మోడెంకు మాత్రం రేఖ దాటితే ఏమీ లేదు.

చాలా ఊళ్లలో అదే పోగులో టీవీ కూడా వస్తుంది. కేబుల్ ఆపరేటర్ 1550 నానోమీటర్ల వెలుగు మీద చానళ్లన్నీ ఎక్కించి పంపుతాడు. దీనికి ఇంటర్నెట్‌కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వెలుగు కావాలి. పైగా వెలుగులో ఒక్క డీబీ తగ్గితే టీవీ సిగ్నల్‌లో రెండు డీబీలు తగ్గుతాయి. అందుకే ఇక్కడ యాంప్లిఫయర్ తప్పదు. ఎర్బియం అనే లోహం కలిపిన ఫైబర్ తనలోంచి వెళ్లే 1550 వెలుగును నేరుగా పెంచగలదని 1987లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ పేన్ బృందం చూపించింది. కానీ యాంప్లిఫయర్ సిగ్నల్‌ను పెంచుతూ తన రొద కొంత కలుపుతుంది. ఒకదాని వెనక ఒకటి పెట్టుకుంటూ పోతే మీటర్ మీద పవర్ నిండుగా కనిపిస్తుంది, తెర మీద బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోతుంది. పవర్ ఉంటే నాణ్యత ఉన్నట్టే అనుకునే వాళ్లకు ఇదే సమాధానం. ఈ వెలుగు కంటికి కనిపించదు. యాంప్లిఫయర్ తర్వాత దాని తీవ్రత కంటిని పాడుచేయగలదు. ఊడిన తీగ కొనలోకి తొంగిచూడటం పిల్లలకే కాదు, పెద్దలకూ మంచిది కాదు.

తీగ వంగితే ముందు దెబ్బతినేది ఈ 1550 వెలుగే. 1310 అదే వంపును అంత పట్టించుకోదు. అనుభవం ఉన్న టెక్నీషియన్ రెండు రంగులతోనూ కొలిచి, 1550లోనే నష్టం ఎక్కువుంటే ఎక్కడో తీగ మడత పడిందని తేల్చేస్తాడు. ఇక కనెక్టర్ల సంగతి. ఆకుపచ్చ కనెక్టర్ కొన ఎనిమిది డిగ్రీల వాలులో చెక్కి ఉంటుంది, నీలిరంగుది వాలు లేకుండా. రెంటినీ బలవంతంగా కలిపితే మధ్యలో గాలి సందు ఏర్పడి చాలా డీబీలు ఆవిరవుతాయి. పైకి మాత్రం బిగుతుగానే కూర్చున్నట్టుంటుంది! కోర్ 9 మైక్రాన్లే కాబట్టి కంటికి ఆనని ధూళి రేణువు కూడా దారికి అడ్డం పడగలదు. కొనను వేలితో తుడిచి పెట్టే అలవాటు ఎంతమందికి ఉందో చెప్పక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ఈ లెక్కలన్నిటినీ రాష్ట్రమంతటి మీద వేసి చూసిన ప్రయత్నం. కందకాలు తవ్వకుండా కరెంటు స్తంభాల మీదే సుమారు 24 వేల కిలోమీటర్ల కేబుల్ లాగారు. 2017 డిసెంబర్ 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో దీన్ని జాతికి అంకితం చేశారు. నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోన్, 15 మెగాబిట్ల ఇంటర్నెట్ అన్నప్పుడు నమ్మనివాళ్లే ఎక్కువ. స్తంభం దారి చవక, త్వరగా అవుతుంది. దాని ధర తర్వాత కట్టాల్సి వస్తుంది. చెట్టుకొమ్మ పడ్డా, ఎత్తుగా గడ్డి వేసుకున్న లారీ తగిలినా తీగ తెగుతుంది. తెగినచోట కొత్త ముక్క వేస్తే ఒక అతుకు కాదు, రెండు. మంచి యంత్రంతో చేస్తే అతుకుకు 0.1 డీబీ కూడా పోదు, వానలో నిచ్చెన మీద తొందరలో చేస్తే అంతకు ఎన్నో రెట్లు పోవచ్చు. తుపానుల తీరంలో ఈ చిల్లర ఖర్చులే పోగుపడి ఏడు డీబీల ఎడాన్ని తినేస్తాయి. తెలంగాణ మరో దారి పట్టింది. మిషన్ భగీరథ నీటి పైపుల కోసం ఎలాగూ కందకం తవ్వుతున్నారు కనుక అందులోనే టీ-ఫైబర్‌కు గొట్టాలు వేశారు. గాలివానకు భయం లేదు, జేసీబీకి ఉంది. కోతుల బెడద మాత్రం పైన వేలాడే తీగలకే. వారణాసిలో అవి ఫైబర్ కొరికేస్తున్నాయని 2015లో వార్తలు వచ్చాయి.

కేంద్రం 2011లో ఆమోదించి, తర్వాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకం తొలిదశలో పంచాయతీలకు స్ప్లిటర్ల ద్వారానే వెళ్లింది. బ్లాక్ కేంద్రంలో ఓఎల్‌టీ, అక్కడి నుంచి కొమ్మలుగా చీలి పంచాయతీలు. మొదట్లో చవకే. మొదలు దగ్గర తీగ తెగితే కొమ్మలన్నీ ఎండిపోతాయి, ఇంకో వైపు నుంచి వెలుగు తెచ్చే వీలుండదు. 2023 ఆగస్టులో ఆమోదించిన సవరించిన పథకంలో పంచాయతీలను వలయాలుగా కలపాలని నిర్ణయించారు, ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నడిచేలా. స్ప్లిటర్ ఓడిపోయిందని దీనర్థం కాదు. అది ఇళ్ల ముంగిట ఉండాల్సిన వస్తువు, ఊరికీ ఊరికీ మధ్య కాదు.

ఇళ్ల ముంగిట దానికి ఇంకా చాలా రోజులున్నాయి. ఎక్స్‌జీఎస్-పాన్ అనే కొత్త పద్ధతికి 2016లో ప్రమాణం వచ్చింది. రెండు వైపులా 10 గిగాబిట్లు, ఇళ్లకు 1577 నానోమీటర్ల వెలుగు, వెనక్కి 1270. పాత జీపాన్ రంగులకు ఇవి తగలవు కాబట్టి ఒకే పోగులో, ఒకే స్ప్లిటర్ గుండా రెండూ పక్కపక్కనే నడుస్తాయి. పక్కింటికి కొత్త మోడెం వచ్చినా ఈ ఇంటి పాత మోడెం అలాగే ఉండవచ్చు. స్తంభం ఎక్కి గాజు డబ్బా మార్చే పని లేదు, రెండు కొసల్లోని పరికరాలు మారితే చాలు. కొత్తదాని సాధారణ తరగతికి అనుమతి 29 డీబీ, పాత బీ ప్లస్ లైన్లు దాంట్లో ఇముడుతాయి, లెక్క ప్రకారం కట్టినవైతే. స్ప్లిటర్ వెనక స్ప్లిటర్ తగిలించి చివరి డీబీ దాకా వాడేసిన వీధుల్లో మాత్రం కొత్త మోడెం పెట్టేముందు ఒక్కో ఇంటి దగ్గరా పవర్ మీటర్ తగిలించి మళ్లీ కొలుచుకు రావాల్సిందే.